అమెరికా హైస్కూల్లో తొమ్మిదో తరగతి ఇంగ్లిష్: క్లాసు నియమాల కాగితం చదవడం ఎలా, దాని ప్రకారం నడవడం ఎలా

టెక్సస్‌లో చాలా బడులు ఆగస్టు రెండో వారానికి తెరుచుకుంటాయి. మొదటి వారంలోనే తొమ్మిదో తరగతి ఇంగ్లిష్ టీచరు దగ్గర్నుంచి రెండు మూడు పేజీల కాగితం వస్తుంది. చివర్లో పిల్లలూ తల్లిదండ్రులూ సంతకం పెట్టాలి. చాలా ఇళ్లలో చదవకుండానే ఆ సంతకం పడిపోతుంది. అందులో పాఠాల పేర్లు తక్కువ, నియమాలు ఎక్కువ: మార్కులు ఎలా కలుపుతారు, ఆలస్యమైతే ఎంత కోస్తారు, మళ్లీ రాసే అవకాశం ఎవరికి ఇస్తారు, కాపీ అంటే ఏమిటి, సెలవు పెడితే ఏం చేయాలి. డిసెంబరులో గ్రేడు గురించి అడగడానికి వెళితే టీచరు బల్ల మీద పెట్టేది ఈ కాగితాన్నే.

ఆంధ్రా, తెలంగాణల్లో చదువుకుని వచ్చిన తల్లిదండ్రులకు ఒక నమ్మకం ఉంటుంది. ఏడాదంతా ఎలా ఉన్నా, చివరి పరీక్షకు గట్టిగా కూర్చుంటే ఒడ్డున పడొచ్చని. ఇక్కడి ఇంగ్లిష్ క్లాసులో అది జరగదు. గ్రేడు వారం వారం, చిన్న చిన్న పనులతో తయారవుతుంది. సెమిస్టరు పరీక్ష వాటా సాధారణంగా తక్కువ. అది ముందు పోగొట్టుకున్నదాన్ని తిరిగి తేలేదు.

పైగా తొమ్మిదో తరగతి నుంచి లెక్క మారుతుంది. కాలేజీలు చూసే హైస్కూల్ ట్రాన్స్‌క్రిప్ట్‌లో, అంటే నాలుగేళ్ల మార్కుల రికార్డులో, మొదటి వరుస ఇదే. టెక్సస్‌లో ఎండార్స్‌మెంట్‌తో (ఎంచుకున్న ఒక రంగంలో అదనపు కోర్సులతో) డిప్లొమాకు 26 క్రెడిట్లు కావాలి, అందులో 4 ఇంగ్లిష్‌వి. ఇంగ్లిష్ 1 ఒక క్రెడిట్, సెమిస్టరుకు అర చొప్పున. 1997 నాటి చట్టం ప్రకారం క్లాసు ర్యాంకులో పై 10 శాతంలో ఉన్నవాళ్లకు రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల్లో నేరుగా ప్రవేశం ఉంది. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌కు మాత్రం 2026 ఫాల్ ప్రవేశాల నుంచి అది 5 శాతమే. చాలా స్కూల్ డిస్ట్రిక్టుల్లో (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థల్లో) ఆ ర్యాంకు తొమ్మిదో తరగతి మార్కులతోనే మొదలవుతుంది. డాలస్ చుట్టూ ఫ్రిస్కో, ప్లానో, ఇర్వింగ్ వైపు తెలుగు కుటుంబాలు ఎక్కువ కాబట్టి ఇక్కడ టెక్సస్ నియమాలనే తీసుకున్నాం. న్యూజెర్సీలోనో కాలిఫోర్నియాలోనో ఉంటే అంకెలు వేరు, చదివే పద్ధతి ఒకటే.

ముందు మార్కుల లెక్క

కాగితం చేతికి రాగానే మొదటి పేజీలోని స్వాగతవాక్యాలు దాటి వెళ్లి, శాతాలు ఉన్న పట్టిక వెతకండి. పెద్ద పనులకు ఇంత, చిన్న పనులకు ఇంత అని రెండు మూడు వరుసలు ఉంటాయి. వ్యాసాలు, యూనిట్ పరీక్షలు, ప్రాజెక్టులు పెద్దవి. క్విజ్‌లు, క్లాసులో రాసిన పేరాలు, జర్నల్, చదివిన పేజీల పక్కన రాసిన నోట్స్ చిన్నవి. కొందరు మేజర్, మైనర్ అంటారు. కొందరు సమ్మేటివ్, ఫార్మేటివ్ అంటారు.

పెద్దవాటికి 60, చిన్నవాటికి 40 అనుకుందాం. తొమ్మిది వారాల గ్రేడింగ్ కాలంలో పెద్దవి 3, చిన్నవి 8. పెద్దవాటిలో 88, 84, 90 వచ్చాయి, సగటు 87.3. చిన్నవి ఏడింటిలో 95 చొప్పున వచ్చాయి, ఎనిమిదోది ఒక పేజీ జర్నల్, ఇవ్వలేదు, సున్నా. ఏడు తొంభై అయిదులు 665, దాన్ని ఎనిమిదితో భాగిస్తే 83.1. మొత్తం 85.65. ఆ ఒక్క పేజీ ఆలస్యంగా ఇచ్చి 70 తెచ్చుకుని ఉంటే చిన్నవాటి సగటు 91.9 అయ్యేది, మొత్తం 89.15. ఒక్క పేజీ విలువ మూడున్నర మార్కులు.

ఇదే సున్నా పెద్ద పనిలో పడితే ఏమవుతుందో చూడండి. చిన్నవన్నీ 95, పెద్దవి 88, 84, సున్నా. మొత్తం 72.4. టెక్సస్‌లో పాస్ మార్కు 70, అంటే గట్టు అంచున నిలబడ్డట్టే. అదే వ్యాసం అరకొరగా రాసి, ఆలస్యపు కోత కూడా పోయి 60 వచ్చినా మొత్తం 84.4. తేడా 12. బాగా రాయలేదని సిగ్గుపడి ఇవ్వకుండా ఉండే పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. వాళ్లకు చూపించాల్సిన లెక్క ఇదే.

70 దాటకపోతే ఇంకో చిక్కు ఉంది. టెక్సస్‌లో 1984 నుంచి ఉన్న నియమం ప్రకారం గ్రేడింగ్ కాలం చివర ఒక్క సబ్జెక్టు తప్పినా మూడు వారాలపాటు ఆటల పోటీలు, బ్యాండ్ ప్రదర్శనలు, డిబేట్ పోటీలు ఉండవు. ఆనర్స్, ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయి కోర్సు) లాంటి కొన్ని కష్టమైన కోర్సులకు డిస్ట్రిక్టులు మినహాయింపు ఇస్తాయి, మామూలు ఇంగ్లిష్ 1కి ఇవ్వవు. రోబోటిక్స్ పోటీకి రెండు నెలలు తయారైన పిల్లవాడు ఇంగ్లిష్ జర్నల్ వల్ల ఇంట్లో కూర్చోవడం ఇలాగే జరుగుతుంది.

ఆన్‌లైన్ గ్రేడ్‌బుక్ చూసేటప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకోండి. గడి ఖాళీగా ఉంటే టీచరు ఇంకా దిద్దలేదని అర్థం, అది లెక్కలోకి రాదు. మిస్సింగ్ అని ఉంటే సున్నాగా లెక్కపడుతున్నట్టే. రెండోది, మూడో వారంలో కనిపించే అంకెను పట్టించుకోవద్దు. అప్పటికి ఒకటో రెండో చిన్న పనులే దిద్ది ఉంటారు, పెద్దవాటి వరుస ఖాళీ. సాఫ్ట్‌వేర్ ఉన్న వరుసనే నూరు శాతంగా సాగదీసి చూపిస్తుంది. పదికి అయిదు వచ్చిన ఒక్క క్విజ్‌తో గ్రేడు 50 అని కనిపించి ఇల్లంతా అల్లకల్లోలం అవుతుంది. రోజూ నాలుగుసార్లు గ్రేడ్‌బుక్ తెరిచే తల్లిదండ్రులకు ఒక మాట: వారానికి ఒకసారి, ఆదివారం సాయంత్రం, పిల్లలతో కలిసి కూర్చుని చూడండి. అంకెను కాదు, మిస్సింగ్ అన్న మాట ఎక్కడైనా ఉందా అని చూడండి.

ఆలస్యం, మళ్లీ రాయడం

ఆలస్యానికి టీచర్లు ఎక్కువగా పెట్టే నియమం రోజుకు 10 మార్కుల కోత. కొందరు మూడు రోజుల తర్వాత అసలు తీసుకోరు. కొందరు యూనిట్ ముగిసేదాకా తీసుకుని గరిష్ఠంగా 70 వేస్తారు. మీ కాగితంలో చూడాల్సింది మూడు: రోజుకు కోత ఎంత, ఆఖరి గడువు ఎప్పుడు, శని ఆదివారాలు రోజులుగా లెక్కా కాదా.

మళ్లీ రాసే అవకాశం గురించి కూడా అక్కడే ఉంటుంది. తప్పిన పనిని మళ్లీ చేసే అవకాశం ఇవ్వడానికి టెక్సస్ చట్టం వీలు కల్పిస్తుంది కానీ, ఎంతవరకు అన్నది డిస్ట్రిక్టు తేలుస్తుంది. సాధారణంగా 70 కంటే తక్కువ వచ్చిన పెద్ద పనికే, వారం పది రోజుల్లోపే, ముందు ట్యుటోరియల్‌కి వచ్చాకే. ట్యుటోరియల్ అంటే బడికి ముందో తర్వాతో టీచరు అరగంట సేపు గదిలో ఉండే వేళ. ఉచితం. మన పిల్లలు దాన్ని వెనకబడ్డవాళ్ల క్లాసు అనుకుని వెళ్లరు. వెళ్లి, దిద్దిన వ్యాసం ముందు పెట్టి ఏ పేరాలో మార్కులు పోయాయో అడిగే పిల్లలకు తర్వాతి వ్యాసంలో తేడా కనిపిస్తుంది.

రాసినా సున్నా పడే సందర్భాలు ఎక్కువగా సాంకేతికమైనవే. గూగుల్ క్లాస్‌రూమ్‌లో డాక్యుమెంట్ జతచేసి టర్న్ ఇన్ నొక్కకపోవడం. టీచరుకు చూసే అనుమతి లేని లింకు ఇవ్వడం. సొంత జీమెయిల్‌లో రాసి బడి ఖాతాలోకి మార్చకపోవడం. ఖాళీ టెంప్లేట్‌నే తిరిగి పంపడం. పంపాక అదే పేజీని మళ్లీ తెరిచి, పంపినట్టు గుర్తు వచ్చిందా, లోపల ఉన్నది తన ఫైలేనా అని చూసుకోవడం అలవాటు చేయాలి. రాత్రి 11:59 గడువు అంటే 11:50కి వైఫై పోతుందని అనుకుని పనిచేయాలి.

సొంత రాత

మన తెలుగు పిల్లలు, వాళ్లకంటే ఎక్కువగా వాళ్ల తల్లిదండ్రులు, తెలియక చిక్కుల్లో పడే చోటు ఇదే. గైడ్‌లో ఉన్న జవాబును ఉన్నదున్నట్టు రాస్తే పూర్తి మార్కులు వచ్చే బడుల్లో మనం చదివాం. ఇక్కడ అదే పని దొంగతనం కింద లెక్క. మొదటిసారి పట్టుబడితే సున్నా, ఇంటికి ఫోను, ఆఫీసులో నమోదు. కొందరు గరిష్ఠ మార్కు తగ్గించి మళ్లీ రాయనిస్తారు. రెండోసారికి సస్పెన్షన్ దాకా వెళ్లవచ్చు. పదకొండో తరగతిలో నేషనల్ ఆనర్ సొసైటీకి (బాగా చదివే పిల్లల సంఘానికి) దరఖాస్తు చేసినప్పుడు ఆ నమోదు అడ్డొస్తుంది.

ఏమేం కాపీ కింద వస్తాయో కాగితంలో ఉంటుంది, కానీ క్లుప్తంగా. విడదీసి చెప్పుకుందాం. ఇంటర్నెట్‌లో దొరికిన నవల సారాంశాన్ని మాటలు మార్చి రాయడం కాపీయే. వాక్యాల వరుస, ఆలోచన అదే ఉంటే పదాలు మార్చినంత మాత్రాన సొంతం కాదు. ఎనిమిదో తరగతిలో రాసిన వ్యాసాన్ని ఇప్పుడు మళ్లీ ఇవ్వడం కూడా, టీచరు ఒప్పుకుంటే తప్ప, కాపీయే. స్నేహితుడికి తన ఫైలు పంపితే, తీసుకున్నవాడితో పాటు ఇచ్చినవాడికీ సున్నా. "చూసి ఇచ్చేస్తానన్నాడు" అన్న మాట ఎవరూ వినరు. గ్రూప్ వర్క్ అని రాసి లేని ప్రతి పనీ ఒంటరిగా చేయాల్సిందే.

ఇంట్లో సాయం ఎక్కడ ఆగాలి? తప్పు ఉన్న వాక్యం కింద గీత గీసి, "ఇక్కడ ఏదో తేడాగా ఉంది, చూడు" అనవచ్చు. దిద్ది ఇవ్వకూడదు. ట్యూషన్ సెంటర్లకూ అదే వర్తిస్తుంది. ఎర్రపెన్నుతో వాక్యాలన్నీ తిరగరాసి ఇచ్చే ట్యూటర్ మీ డబ్బుతో మీ పిల్లలకు ప్రమాదం తెస్తున్నారు. మంగళవారం క్లాసులో చేత్తో రాసిన పేరాకూ, శుక్రవారం ఇంటి నుంచి వచ్చిన వ్యాసానికీ పొంతన లేకపోతే టీచరు పట్టేస్తారు, ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు.

ఏఐ పనిముట్ల గురించి ఒక్కో టీచరుది ఒక్కో నియమం. ఒకే బడిలో పక్కపక్క గదుల్లో కూడా వేరుగా ఉండొచ్చు. కొందరు అసలు వద్దంటారు. కొందరు ఆలోచనలు వెతకడానికి సరే, వాక్యాలు రాయించుకోవడానికి వద్దంటారు. ఒక్కో పనికి రంగు గుర్తులు పెట్టేవాళ్లు ఉన్నారు: ఎరుపు అంటే పూర్తిగా నిషేధం, పసుపు అంటే ఎక్కడ వాడారో రాసి చెప్పాలి. వాక్యాలను తిరగరాసి ఇచ్చే గ్రామర్ పనిముట్లు ఇందులోకే వస్తాయి. అక్షరదోషం చూపడం వేరు, పేరా మొత్తాన్ని మెరుగుపరచడం వేరు.

ఇక్కడ మన పిల్లలు ప్రత్యేకంగా జాగ్రత్త పడాల్సిన సంగతి ఒకటుంది. ఏఐ రాసిందో మనిషి రాశాడో చెప్పే డిటెక్టర్లు పొరబడతాయి. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పరీక్షిస్తే, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు సొంతంగా రాసిన టోఫెల్ వ్యాసాల్లో సగానికి పైగా యంత్రం రాసినవిగా తేల్చాయి. పరిమితమైన పదజాలం, ఒకే తరహా వాక్యాలు ఉండటమే దానికి కారణం. కాబట్టి రుజువు ముందే పోగుచేసుకోవాలి. మొదటి వాక్యం నుంచీ బడి ఖాతాలోని గూగుల్ డాక్స్‌లోనే రాయాలి. వేరేచోట రాసి ఒక్క ముద్దగా తెచ్చి అతికించకూడదు. అలా రాస్తే వర్షన్ హిస్టరీలో ఏ రోజు ఏ గంటకు ఏ వాక్యం పుట్టిందో ఉంటుంది. చేతిరాత నోట్సును గ్రేడు వచ్చేదాకా పారేయకూడదు. అనుమానం వచ్చి టీచరు పిలిస్తే కంగారుపడకుండా ఆ చరిత్ర తెరిచి చూపించి, వ్యాసంలోని వాదనను నోటితో చెప్పగలగాలి. సొంతంగా రాసినవాళ్లకు ఇది కష్టం కాదు.

వ్యాసంలో వేరేచోట ఉన్న వాక్యాలతో పోలికలు వెతికే టర్నిటిన్ లాంటి సాఫ్ట్‌వేర్ ఇచ్చే శాతం కూడా తీర్పు కాదు. 22 శాతం పోలిక అంతా కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న వాక్యాలూ, చివరి గ్రంథాల పట్టికా కావచ్చు. 8 శాతంలో ఒక పేరా మొత్తం ఎత్తి పెట్టినది ఉండవచ్చు. రంగులు వేసిన చోట ఏముందో చదవాలి.

వ్యాసంలో టీచరు వెతికేది

ప్రతి పెద్ద పనితో రూబ్రిక్ అనే పట్టిక వస్తుంది. రాసేముందు దాన్ని చదవడం సగం పని. ఎడమ వైపు అంశాలు, పైన 4 నుంచి 1 దాకా స్థాయిలు. 4 గడిలో ఉన్న మాటలను తన వ్యాసంలో వేలు పెట్టి చూపించగలడా అని పిల్లవాడు తనను తాను అడగాలి. భాషాదోషాలకు సాధారణంగా ఒక్క వరుసే ఉంటుంది. వాదన, ఆధారం, వివరణ వీటికి మూడు. మన ఇళ్లలో స్పెల్లింగ్ మీద పెట్టే శ్రద్ధ వాదన మీద పెట్టం.

పేరా నిర్మాణం ఇలా ఉండాలని చూస్తారు: ఒక వాక్యంలో వాదన, తర్వాత పుస్తకం నుంచి చిన్న కొటేషన్, ఆపైన అది వాదనను ఎలా నిలబెడుతుందో రెండు మూడు వాక్యాల వివరణ. వివరణ కొటేషన్‌కు రెట్టింపైనా ఉండాలి. మార్కులు పోయే తీరు దాదాపు ఎప్పుడూ ఒకటే: కథ చెప్పేస్తారు. టీచరుకు కథ తెలుసు. షేక్‌స్పియర్ నాటకంలో మూడో అంకంలో ఏం జరిగిందో కాదు, ఆ పాత్ర అలా ఎందుకు చేసిందని పిల్లవాడు అనుకుంటున్నాడో కావాలి. "అనాదిగా మానవుడు..." అన్న ధోరణిలో మొదలుపెట్టే ఉపోద్ఘాతాలు మన తెలుగు వ్యాసరచన పోటీల్లో బాగుంటాయి, ఇక్కడ ఆ మొదటి పేరా మొత్తం కొట్టేస్తారు. సాహిత్యం గురించి రాసేటప్పుడు క్రియలు వర్తమానంలో ఉండాలన్నది ఇంకో నియమం. రచయిత ఎప్పుడో చనిపోయినా "చెబుతున్నాడు" అనే రాయాలి.

ఇక ఎంఎల్ఏ ఫార్మాట్, అంటే వ్యాసాన్ని పేజీ మీద అమర్చే, ఆధారాలు చూపే పద్ధతి. 2021లో వచ్చిన తొమ్మిదో ఎడిషన్ ప్రకారం నాలుగు వైపులా అంగుళం మార్జిన్, వ్యాసమంతా డబుల్ స్పేస్, చదవడానికి వీలైన ఫాంట్ 11 నుంచి 13 లోపు సైజు (సాధారణంగా 12), పేరా మొదట్లో అర అంగుళం జరుపు. మొదటి పేజీ ఎడమవైపు పైన నాలుగు వరుసలు: పేరు, టీచరు పేరు, కోర్సు, తేదీ. తేదీలో మన పద్ధతిలాగే రోజు ముందు, నెల తర్వాత. శీర్షిక మధ్యలో, బోల్డ్ లేకుండా, కింద గీత లేకుండా. కుడివైపు పైన ప్రతి పేజీలో ఇంటిపేరు, పేజీ సంఖ్య. కొటేషన్ తర్వాత బ్రాకెట్లో రచయిత ఇంటిపేరు, పేజీ నంబరు, మధ్యలో కామా ఉండదు. చుక్క బ్రాకెట్ తర్వాతే పడాలి. చివర్లో కొత్త పేజీలో గ్రంథాల పట్టిక, అక్షరక్రమంలో, రెండో వరుస నుంచి అర అంగుళం లోపలికి. ఒక్కసారి టెంప్లేట్ చేసి పెట్టుకుంటే నాలుగేళ్లు పనికొస్తుంది. ఇందులో పోయే అయిదు మార్కులంత అనవసరమైనవి మరొకటి లేవు.

ఇంటిపేరు దగ్గర మన పిల్లలకు ఒక గందరగోళం. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉంటే వీసా మీద మొదటి పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. గ్రేడ్‌బుక్‌లోనూ అదే దిగుతుంది. టీచరు హాజరు పిలిచేటప్పుడు పిల్లవాడు ముఖం దించుకుంటాడు. రిజిస్ట్రార్‌ను అడిగితే పిలుపు పేరు ఎక్కించే వీలు చాలా బడుల్లో ఉంది. వ్యాసాల మీద మాత్రం గ్రేడ్‌బుక్‌లో ఉన్న ఇంటిపేరే వాడితే ఫైళ్లు తారుమారు కావు.

నోరు విప్పడం

చర్చలో పాల్గొనడానికి మార్కులుంటాయి. సోక్రటిక్ సెమినార్ పేరుతో కుర్చీలు గుండ్రంగా వేసి, టీచరు మాట్లాడకుండా పక్కన కూర్చుని, ఎవరు ఎన్నిసార్లు ఎలాంటి మాట అన్నారో రాసుకుంటారు. బాగా చదివి కూడా మౌనంగా ఉన్న పిల్లకు అక్కడ మార్కులు రావు. ముందురోజు రాత్రి మూడు తయారు చేసుకుంటే చాలు: పేజీ నంబరుతో ఒక వాక్యం, దాని మీద ఒక ప్రశ్న, ఒప్పుకోని అభిప్రాయం ఒకటి. మొదటి పది నిమిషాల్లో ఒకటి వాడేయాలి. తర్వాత చెబుదామని ఆగితే తను అనుకున్నది ఇంకొకరు అనేస్తారు. టీచరు అభిప్రాయాన్ని ఒప్పుకోకపోవడం ఇక్కడ తప్పు కాదు, పుస్తకంలో ఆధారం చూపిస్తే చాలు.

ఫోన్ల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. టెక్సస్ 2025లో చేసిన చట్టంతో ప్రభుత్వ బడుల్లో బడి వేళంతా ఫోన్లు, స్మార్ట్‌వాచీలు వాడకూడదు. మధ్యాహ్నం పిల్లలకు మెసేజ్ పెట్టి జవాబు రాలేదని కంగారుపడకండి. అత్యవసరమైతే ఆఫీసుకు ఫోన్ చేయండి.

హాజరు, ఇండియా ప్రయాణం

టెక్సస్ చట్టం ప్రకారం క్లాసు జరిగిన రోజుల్లో 90 శాతం హాజరు లేకపోతే మార్కులు ఎన్ని వచ్చినా క్రెడిట్ ఆపేయవచ్చు. అప్పుడు బడి కమిటీ ముందు కారణం చెప్పుకోవాలి, లేదా పోయిన గంటలు పూడ్చాలి. సెమిస్టరులో 85 రోజులు క్లాసు జరిగితే ఎనిమిది రోజుల వరకే వెసులుబాటు. కారణం చెప్పిన సెలవులూ ఈ లెక్కలోకి రావచ్చు. అంతేకాక, ఆరు నెలల్లో అనుమతి లేని సెలవులు 10కి చేరితే అది ట్రువెన్సీ (బడి ఎగ్గొట్టడం) కేసు దాకా వెళ్లే సంగతి.

మేనమామ పెళ్లికి మూడు వారాలు హైదరాబాద్ వెళ్తున్నారనుకోండి. బంధువుల పెళ్లి సాధారణంగా అనుమతి ఉన్న సెలవు కాదు. పండుగ సంగతి వేరు. మతపరమైన పర్వదినం పాటించడానికి సెలవు చట్టప్రకారం అనుమతి ఉన్నదే, దీపావళికి ముందుగా చీటీ పంపితే చాలు, పోయిన పని చేసుకునే వ్యవధి కూడా ఇస్తారు.

చాలా డిస్ట్రిక్టుల్లో మొదటి సెమిస్టరు పరీక్షలు క్రిస్మస్ సెలవులకు ముందు వారంలో ఉంటాయి. టికెట్లు ఆగస్టులోనే కొంటారు కాబట్టి, కొనేముందు బడి క్యాలెండర్‌లో ఆ పరీక్షల చివరి రోజు చూడండి. పరీక్షలకు ముందు విమానం ఎక్కితే తప్పిన పరీక్షను జనవరిలో రాసే అవకాశం (మేకప్ పరీక్ష) దొరుకుతుందన్న హామీ లేదు. సంక్రాంతి చూసుకుని వద్దామనుకుంటే రెండో సెమిస్టరులో వారం పైగా పోతుంది.

తప్పనిసరై వెళ్లాల్సి వస్తే చేయాల్సింది ఈ వరుసలో. కనీసం రెండు వారాల ముందు హాజరు ఆఫీసులో ముందస్తు సెలవు ఫారం ఇవ్వాలి. ఆ తర్వాత పిల్లవాడే టీచరుకు రాయాలి: ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉండడు, ఆ రోజుల్లో ఏ పెద్ద పనులు ఉన్నాయి, వాటిలో ఏవి ముందే ఇచ్చి వెళ్లవచ్చు. "ఆ రోజుల్లో ముఖ్యమైనదేమైనా ఉందా?" అని మాత్రం అడగకూడదు. టీచర్లకు ఒళ్లుమండే ప్రశ్న అది. నవల ఉంటే ముద్రిత ప్రతిని వెంట తీసుకెళ్లాలి. ఆన్‌లైన్ గడువులు టెక్సస్ కాలమానంలో ఉంటాయి: చలికాలంలో రాత్రి 11:59 అంటే ఇండియాలో మర్నాడు ఉదయం 11:29. మార్చి రెండో ఆదివారం గడియారాలు ముందుకు జరిపాక 10:29. తిరిగొచ్చాక ఎన్ని రోజులు పోతే అన్ని రోజుల వ్యవధి అన్నది మామూలు నియమం, కానీ వెళ్లకముందే ఇచ్చిన పనికి అది వర్తించకపోవచ్చు. అది అసలు గడువుకే రావాలి.

టీచరుకు రాసేటప్పుడు

తొమ్మిదో తరగతి నుంచి మొదటి ఉత్తరం పిల్లల దగ్గర్నుంచే రావాలని టీచర్లు ఆశిస్తారు. తండ్రి రాస్తే జవాబు వస్తుంది, కానీ పిల్లవాడికి మాట్లాడటం రాదన్న ముద్ర పడుతుంది. బడి ఖాతా నుంచే రాయాలి. సబ్జెక్టు లైన్లో పేరు, పీరియడ్ నంబరు, ఏ పని గురించో ఉండాలి. ఒక టీచరుకు రోజుకు అయిదారు పీరియడ్లు, నూటికి పైగా పిల్లలు ఉంటారు. సంబోధనలో మిజ్ లేదా మిస్టర్, తర్వాత ఇంటిపేరు. రెస్పెక్టెడ్ మేడమ్ అక్కర్లేదు. తర్వాత మూడు నాలుగు వాక్యాలు: ఏ పని, ఏం జరిగింది, తను ఇప్పటికే ఏం చేశాడు, ఏం కావాలి. జవాబుకు రెండు పనిదినాలు ఆగాలి. ఆదివారం రాత్రి పదికి పంపి సోమవారం ఉదయం ఎనిమిదికి ఎదురుచూడటం న్యాయం కాదు.

పిల్లవాడు రాసి, ట్యుటోరియల్‌కు వెళ్లి, అయినా తేలకపోతే అప్పుడు మీరు రాయండి. "మార్కులు ఎందుకు తక్కువ వేశారు" అని కాదు, "రూబ్రిక్‌లో రెండో వరుసలో 2 పడింది, 3 రావాలంటే ఏ మార్పు కావాలో చెప్పగలరా" అని. అక్కడా తెగకపోతే కౌన్సెలర్, ఆ తర్వాత అసిస్టెంట్ ప్రిన్సిపల్. నేరుగా ప్రిన్సిపల్‌కు రాస్తే ఆ ఉత్తరం తిరిగి టీచరు దగ్గరికే వస్తుంది.

కొత్తగా వచ్చిన పిల్లలు, ఆనర్స్, ఏడాది చివరి పరీక్ష

చేర్పించేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక ఫారం అడుగుతుంది. తెలుగు అని నిజం రాస్తే నాలుగు వారాల్లోపు పిల్లవాడికి ఇంగ్లిష్ స్థాయి పరీక్ష పెడతారు. ఈ ముద్ర ఎందుకని కొందరు ఇంగ్లిష్ అని రాసేస్తారు. గుంటూరులో తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లవాడికి అది నష్టమే. ఆ గుర్తింపు ఉంటే అర్హతను బట్టి ఎక్కువ సమయం, డిక్షనరీ, భాషా సాయం దొరుకుతాయి. ఇంటర్నేషనల్ స్కూల్లో చదివి ధారాళంగా మాట్లాడే పిల్లలు ఆ పరీక్ష సులువుగానే దాటేస్తారు. ప్రత్యేక సాయం వద్దని తల్లిదండ్రులు రాసి ఇవ్వవచ్చు, అయినా స్థాయి దాటేదాకా ఇంగ్లిష్ స్థాయి కొలిచే టెల్పాస్ పరీక్ష ఏటా తప్పదు. ఏకాగ్రత, చదవడంలో ఇబ్బంది లాంటి వైద్యపరమైన కారణాలకు వేరే దారి ఉంది, పిల్లలకు క్లాసులో ఇవ్వాల్సిన వెసులుబాట్లు రాసిపెట్టే 504 ప్లాన్. దాన్ని కోరుతూ బడికి లిఖితపూర్వకంగా రాయడం మంచిది.

ఆనర్స్ ఇంగ్లిష్ తీసుకుంటే గ్రేడ్ పాయింటు ఎక్కువ, పుస్తకాలు ఎక్కువ, వేసవిలో చదవాల్సినవి కూడా ఉండొచ్చు, ఆలస్యానికి సడలింపు తక్కువ. లెక్కల్లో ముందున్న పిల్లలను ఇంగ్లిష్‌లోనూ ఆనర్స్‌లో వేయాలన్న పంతం మన ఇళ్లలో ఎక్కువ. వారానికి 60, 70 పేజీలు ఇష్టంగా చదవని పిల్లవాడికి మామూలు క్లాసులో 95 మేలు. ఆనర్స్ నుంచి దిగడానికి గడువు కొన్ని వారాలే ఉంటుంది, ఆ తేదీ కౌన్సెలర్ దగ్గర కనుక్కోండి.

వసంతంలో రాష్ట్రం పెట్టే ఇంగ్లిష్ 1 స్టార్ పరీక్ష ఉంటుంది. ప్రస్తుతం డిప్లొమాకు అది పాసవ్వాలి. 2027–28 నుంచి స్టార్ స్థానంలో వేరే పరీక్షలు తేవడానికి చట్టం అయింది కాబట్టి ఏటా బడి వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. పరీక్ష కంప్యూటర్ మీదే: చదివి అర్థం చేసుకోవడం, వాక్యాలు సరిదిద్దడం, ఇచ్చిన పాఠం ఆధారంగా ఒక వ్యాసం. టైపింగ్ నెమ్మదైన పిల్లలకు ఆ వ్యాసం దగ్గరే ఇబ్బంది. ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాళ్లు, అక్కడ అన్నీ చేత్తోనే రాసి ఉంటారు కాబట్టి, ఆగస్టు నుంచే రోజుకు పావుగంట కీబోర్డు సాధన చేస్తే ఏప్రిల్‌కు చేయి కుదురుతుంది. తప్పితే జూన్‌లో, మళ్లీ డిసెంబరులో రాయొచ్చు. జూన్‌లో రాయాల్సిన పిల్లలున్న ఇంట్లో వేసవి టికెట్లు ఆ తేదీ దాటాకే కొనాలి.